కొత్త టైర్ల మీద వదలని జిడ్డు: రుద్దే ముందు అదేమిటో తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాలుగు టైర్లూ కొత్తవి వేయించారు. సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద జిడ్డు జిడ్డుగా గోధుమ రంగు పూత ఉంది. కారు షాంపూతో రెండుసార్లు కడిగినా తడిగా ఉన్నంతసేపు మాత్రమే నల్లగా కనిపిస్తుంది, ఆరగానే మళ్లీ గోధుమ రంగు తేలుతోంది. ట్రెడ్ (రోడ్డుకు తగిలే భాగం) మీద కాగితం స్టిక్కర్ పీకిన చోట బంక ఉండిపోయింది. రిమ్ అంచు పక్కన తెల్లటి చారలున్నాయి. పెట్రోల్‌తో తుడిచేస్తే పోతుందని ఒకరు, టైర్ పాలిష్ కొట్టేస్తే కనపడదని ఇంకొకరు చెప్పారు. ఒక టైరు మీద పెట్రోల్ గుడ్డ కాస్త రుద్ది కూడా చూశారు.

ముందుగా ఆ పెట్రోల్ పక్కన పెట్టేయండి. పాలిష్ కూడా ఇప్పుడే వద్దు. కార్ల క్లీనింగ్ పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా చెబుతున్నాను, కొత్త టైర్లు మురికి వల్ల పాడవడం నేను చూడలేదు. ఆ మురికిని వదిలించాలని పోసిన ద్రవాల వల్ల పాడైనవి మాత్రం చాలానే చూశాను.

మీరు చెప్పినవన్నీ ఒకే రకం మురికి కాదు. స్టిక్కర్ బంక వేరు, రిమ్ దగ్గరి తెల్ల చారలు వేరు. సైడ్‌వాల్ మీది గోధుమ రంగులోనూ రెండు వేర్వేరు పదార్థాలు కలిసి ఉంటాయి. వీటిలో ఒకటి ఒక్కసారి కడిగితే పోయేది, మరొకటి ఎన్నిసార్లు కడిగినా కొన్ని వారాలకు మళ్లీ వచ్చేది. ఈ తేడా తెలియకపోతే మనిషి విసుగెత్తి ఇంకా ఘాటైన మందు కోసం వెతుకుతాడు. టైరుకు నష్టం జరిగేది సరిగ్గా అక్కడే.

ఒక్కసారి కడిగితే పోయేది అచ్చు దగ్గర అంటుకున్న పూత. టైరును ఫ్యాక్టరీలో అచ్చులో పెట్టి, ఒత్తిడితో పాటు దాదాపు 150 నుంచి 180 డిగ్రీల వేడిలో ఉడికిస్తారు. ఉడికిన రబ్బరు అచ్చుకు పట్టుకోకుండా సాఫీగా ఊడి రావాలి కదా, అందుకోసం జారుడు గుణమున్న పూత వాడతారు. చాలావరకు సిలికాన్ జాతిది. అందులో కొంత టైరు ఒంటికి అంటుకుని మీ దాకా వస్తుంది. ట్రెడ్ మీద ఉన్నది రోడ్డు రాపిడికి దానంతటదే అరిగిపోతుంది. సైడ్‌వాల్‌కు రోడ్డు తగలదు కాబట్టి అక్కడ అలాగే ఉండి, దుమ్మును పట్టుకుని మడ్డిలా తయారవుతుంది. కారు షాంపూ పెయింట్ మీది వ్యాక్స్ పోకుండా మెత్తగా పనిచేసేలా చేసినది. ఈ పూతను కదిలించే బలం దానికి లేదు.

అన్నట్టు, ట్రెడ్ మీది పూత పూర్తిగా అరిగేదాకా కొత్త టైరు పట్టు కాస్త తక్కువగా ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, ముఖ్యంగా తడి రోడ్డు మీద, మలుపుల్లో వేగం తగ్గించండి. బ్రేకు కాస్త ముందే వేయండి. దీనికోసం ట్రెడ్‌ను ఏ మందుతోనూ తోమక్కర్లేదు.

ఇక మళ్లీ మళ్లీ వచ్చే గోధుమ రంగు సంగతి. ఇది బయటి నుంచి అంటినది కాదు, రబ్బరు లోపలి నుంచి వచ్చేది. గాలిలో ఉండే ఓజోన్‌కు రబ్బరంటే పడదు. రబ్బరు అణువుల గొలుసులను అది మధ్యలో తెంపేస్తుంది. దాంతో టైరు సాగే చోట సన్నటి పగుళ్లు వస్తాయి. దీన్ని అడ్డుకోవడానికి రబ్బరు కలిపేటప్పుడే 6పీపీడీ వంటి రక్షక రసాయనాన్ని, కొంత మైనాన్ని కలుపుతారు. అవి ఒకేసారి ఖర్చయిపోకుండా, టైరు వాడకంలో ఉన్నన్నాళ్లూ కొద్దికొద్దిగా పైకి ఊరుతుంటాయి, మన చర్మానికి నూనె ఊరినట్టు. పైకి వచ్చిన రసాయనం రబ్బరుకు బదులు తానే ఓజోన్‌తో కలిసి ఖర్చయిపోతుంది. ఆ ఖర్చయిన సరుకే మీకు కనిపించే గోధుమ రంగు. మైనం పైన పలుచటి పొరగా పరుచుకుని గాలి తగలకుండా కాపాడుతుంది.

అందుకే గోధుమ రంగు కనిపించిందంటే టైరు తన పని తాను చేసుకుంటోందని అర్థం. పైన పేరుకున్న ఖర్చయిన సరుకును కడిగేయడంలో తప్పు లేదు. లోపల ఇంకా ఖర్చవ్వకుండా ఉన్నదాన్ని బయటికి లాగే పని మాత్రం చేయకూడదు. పెట్రోల్, కిరోసిన్, డీజిల్, పెయింట్ థిన్నర్ చేసేది ఆ పనే. అవి రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తాయి, లోపలి నూనెలనూ రక్షక రసాయనాలనూ కరిగించి బయటికి తెస్తాయి. తుడిచిన వెంటనే టైరు కారునలుపుగా భలేగా కనిపిస్తుంది, చాలామంది మోసపోయేది అక్కడే. అదే అలవాటుగా చేస్తూ పోతే ఆ చోట రబ్బరు ఎండి బిరుసెక్కుతుంది, పగుళ్లు తొందరగా మొదలవుతాయి. పైగా పెట్రోల్ ఆవిరికి నిప్పు ఎక్కడి నుంచైనా అంటుకోవచ్చు. బ్లీచింగ్ ద్రావణం, బాత్‌రూమ్ యాసిడ్ కూడా వాడకూడనివే. యాసిడ్ అయితే అల్లాయ్ రిమ్‌ను కూడా తినేస్తుంది.

మీ టైర్ల మీద ఏది ఎంత ఉందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సైడ్‌వాల్ మీద అరచేయంత జాగాను కింద చెప్పే పద్ధతిలో బాగా కడిగి ఆరనివ్వండి. ఆరాక తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్దండి. గుడ్డకు జిడ్డు, గోధుమ రంగు అంటితే పూత ఇంకా ఉందన్నమాట. గుడ్డ దాదాపు శుభ్రంగా ఉండి, రెండు మూడు వారాల తర్వాత అదే చోట మళ్లీ రంగు తేలితే అది లోపలి నుంచి ఊరినది. కొత్త టైరు గుడ్డకు కొంచెం నలుపు అంటుతుంది, దాన్ని పట్టించుకోకండి. రబ్బరులో కలిపిన కార్బన్ బ్లాక్ అనే నల్లటి పొడి అది.

కావలసిన సామాను పెద్దగా లేదు. ఆల్ పర్పస్ క్లీనర్ అనో టైర్ క్లీనర్ అనో అమ్మే, నీళ్లలో కలిసే క్షార గుణపు ద్రావణం ఒకటి. నైలాన్ పళ్ల బ్రష్ ఒకటి, బట్టలు ఉతికే బ్రష్‌కు ఉన్నంత బిరుసు చాలు. ఇనుప తీగల బ్రష్, స్టీల్ స్క్రబ్బర్ వద్దే వద్దు. అవి సైడ్‌వాల్ మీద గీతలు పెడతాయి, ఆ గీతల్లోనే తర్వాత పగులు మొదలవుతుంది. రెండు బకెట్లు, కొన్ని పాత తెల్ల గుడ్డలు, చేతికి గ్లవ్స్. క్లీనర్‌ను సీసా మీద రాసిన పాళ్లలో కలపండి. రాయకపోతే ఒక వంతు క్లీనర్‌కు ఐదు ఆరు వంతుల నీళ్లతో మొదలుపెట్టండి. పని జరగకపోతే కాస్త చిక్కగా కలుపుకోవచ్చు, అసలు నీళ్లే కలపకుండా మాత్రం పోయకండి.

టైరు చల్లగా ఉండాలి, కారు నీడలో ఉండాలి. దూరం తిరిగి రాగానే మొదలుపెడితే ద్రావణం క్షణాల్లో ఆరిపోయి కొత్త మచ్చలు పెడుతుంది. ఒక టైరు మొత్తం పూర్తయ్యాకే రెండోదానికి వెళ్లండి. ముందు మామూలు నీళ్లతో మట్టి, ఇసుక పోయేలా కడగండి. ఇసుక ఉండగా బ్రష్ వేస్తే గీతలు పడతాయి. తర్వాత ద్రావణాన్ని సైడ్‌వాల్ అంతా పట్టేలా కొట్టి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఈ ఆగడం ముఖ్యం. పూతను వదులు చేసేది ద్రావణం, బ్రష్ దాన్ని పైకి లేపుతుందంతే. ఆగకుండా రుద్దితే చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది.

రుద్దేటప్పుడు నురగ రంగును చూస్తూ ఉండండి. మొదటి విడతలో నురగ బ్రష్ కింద నుంచే ముదురు గోధుమ రంగులో వస్తుంది. కొన్ని టైర్లకైతే చిక్కటి మడ్డి ధారలుగా కారి, అక్షరాల గాడుల్లో నిలుస్తుంది. బ్రష్‌ను గుండ్రంగా తిప్పుతూ, ఆ తర్వాత అక్షరాలకు అడ్డంగా రుద్దండి. పైకి ఉబ్బిన అక్షరాల పక్క మూలల్లోనే ఎక్కువ దాగి ఉంటుంది. రిమ్‌కు ఆనుకుని ఉండే సన్నటి వలయాన్ని కూడా వదలొద్దు. నురగ ఆరకముందే నీళ్లు కొట్టి కడిగేయండి. బ్రష్‌ను కూడా శుభ్రంగా జాడించండి, లేకపోతే తీసిన మడ్డినే మళ్లీ పూస్తారు. రెండో విడతలో నురగ లేత రంగుకు తిరుగుతుంది. మూడో విడతకు సాధారణంగా తెల్లగా వస్తుంది. తెల్ల నురగ వచ్చిందంటే పని అయిపోయినట్టే, ఇక ఆపేయాలి. షాంపూతో రెండుసార్లు కడిగానన్నారు కదా, మీ నురగ ఏ రంగులో ఉండగా ఆపారో గుర్తు చేసుకోండి.

మూడు విడతలయ్యాక కూడా అక్కడక్కడా గట్టి మచ్చలు మిగిలితే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు కొద్దిగా తడిపి ఆ మచ్చ వరకే తుడవండి. టైరంతా దానితో తుడవడం అనవసరం. నిప్పు దగ్గర ఉండకూడదు, గాలి ఆడేచోట చేయాలి. తుడిచిన చోట వెంటనే సబ్బు నీళ్లతో కడిగేయండి.

అల్లాయ్ రిమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెయింట్, పారదర్శక పూత ఉన్న రిమ్‌కు పలచటి క్షార ద్రావణం వల్ల ఇబ్బంది ఉండదు. పూత లేకుండా మెరుపు పెట్టిన అల్యూమినియం అయితే మచ్చలు పడతాయి. మీది ఏ రకమో తెలియకపోతే రిమ్ మీద ముందుగా నీళ్లు కొట్టి, ద్రావణాన్ని స్ప్రే చేయకుండా బ్రష్‌కే పట్టించి టైరు వరకే రుద్దండి.

ప్రెషర్ వాషర్ ఉంటే వాడుకోవచ్చు, కానీ దూరం నుంచి. టైరుకు కనీసం అడుగు దూరంలో, విసనకర్రలా పరుచుకునే ధారతో కొట్టండి. సూదిలా వచ్చే ధార, గిరగిరా తిరిగే నాజిల్ టైరు మీద వాడకూడదు. పైకి ఏమీ కనపడకుండానే అది సైడ్‌వాల్‌ను దెబ్బతీయగలదు. పై మురికి కడగడానికి నీటి ఒత్తిడి పనికొస్తుంది కానీ ఈ జిడ్డు పూత మీద దాని ప్రభావం తక్కువ. ఇంకొకటి, కొత్తగా బ్యాలెన్సింగ్ చేయించారు కాబట్టి రిమ్ లోపల అంటించిన చిన్న బరువుల మీద నేరుగా ధార పెట్టకండి. ఒకటి ఊడిపోతే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది.

కడిగిన నీళ్ల గురించి ఒక మాట. ఇందాక చెప్పిన 6పీపీడీ ఓజోన్‌తో కలిసినప్పుడు 6పీపీడీ క్వినోన్ అనే పదార్థం పుడుతుంది. అమెరికా పశ్చిమ తీరంలో వానలు పడ్డాక కోహో సాల్మన్ చేపలు వాగుల్లో చచ్చిపోతుండటానికి రోడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే ఈ పదార్థమే కారణమని 2020లో పరిశోధకులు తేల్చారు. మీ నాలుగు టైర్ల నురగ మాత్రమే కొంప ముంచుతుందని కాదు. కానీ అది చెరువులోకో కాలువలోకో నేరుగా పోకుండా చూడటం మన చేతిలో పని. డ్రైనేజీకి కలిపిన వాషింగ్ బే ఉంటే అక్కడే కడగండి. గ్లవ్స్ వేసుకోమన్నది కూడా ఇందుకే. ఆ గోధుమ మడ్డి చేతులకు మంచిది కాదు.

ఇక స్టిక్కర్ బంక. ట్రెడ్ మీద, రోడ్డుకు తగిలే భాగంలో ఉంటే వదిలేయండి, తిరుగుతుంటే అరిగిపోతుంది. గాడుల్లోకి దిగిన ముక్క చిన్న రాళ్లను పట్టుకుని టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం తీయాలి. వేడి నీళ్లలో ముంచిన గుడ్డను కాసేపు ఆ చోట అదిమి పెట్టండి, లేదా హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేయండి. బంక మెత్తబడ్డాక పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకితే చుట్టుకుంటూ లేస్తుంది. బ్లేడు, స్క్రూడ్రైవర్ వద్దు. వంటనూనె రాస్తే బంక వదులుతుందని చాలామంది అంటారు. ఇంట్లో సీసా మీది స్టిక్కర్‌కు అది బాగానే ఉంటుంది, కానీ రోడ్డును పట్టుకోవాల్సిన ట్రెడ్‌కు నూనె రాయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

రిమ్ పక్కన తెల్ల చారలు టైరు ఎక్కించేటప్పుడు రాసిన సబ్బు పేస్టువి. టైరు అంచు రిమ్ లోకి జారడానికి అది రాస్తారు. ఆరాక తెల్లబడుతుంది. తడి బ్రష్‌తో రెండు రుద్దులు రుద్దితే పోతుంది. కాకపోతే రిమ్‌కూ టైరుకూ మధ్య లోపల ఉన్న పేస్టు ఆరడానికి టైమ్ పడుతుంది. అందుకే టైర్లు వేయించిన మొదటి రోజు గట్టిగా బ్రేకులు వేయడం, ఒక్కసారిగా ఎక్సలరేటర్ తొక్కడం చేయకండి. రిమ్ మీద టైరు కొద్దిగా జరిగినా చేయించిన బ్యాలెన్సింగ్ పోతుంది.

ట్రెడ్ చుట్టూ రంగు గీతలు కనిపిస్తే అవి ఫ్యాక్టరీలో, గోడౌన్‌లో టైరు రకాన్ని గుర్తుపట్టడానికి వేసినవి. సైడ్‌వాల్ మీది పసుపు, ఎరుపు చుక్కలు టైరు ఎక్కించేవాళ్ల కోసం పెట్టిన గుర్తులు. సన్నటి రబ్బరు వెంట్రుకలు అచ్చులో గాలి బయటికి పోయే రంధ్రాల్లోకి రబ్బరు దూరడం వల్ల వచ్చినవి. వీటిలో దేన్నీ తీయక్కర్లేదు. తెల్ల అక్షరాలో, తెల్ల పట్టీయో ఉన్న టైర్ల మీద నీలం పూత ఉంటే మాత్రం బండి బయటికి తీసే ముందే గోరువెచ్చని సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. నల్ల రబ్బరు రసాయనాలు తెల్లదనాన్ని మరక చేయకుండా వేసిన పూత అది, నీళ్లలో కరుగుతుంది.

కడిగేటప్పుడు ఒక పని చేయండి. సైడ్‌వాల్ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 3524 అని ఉంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైందని. కొత్త టైరు మీద గోధుమ రంగు మరీ మందంగా పేరుకుని ఉంటే అది చాలాకాలం నిల్వ ఉన్నదీ, ఎండ తగిలినదీ అయ్యుండొచ్చు. తప్పకుండా అంతే అని చెప్పలేం, ఒక్కో కంపెనీ ఒక్కో పాళ్లలో రసాయనం కలుపుతుంది. తేదీ చూసుకుంటే అనుమానం తీరుతుంది. అలాగే సన్న పగుళ్లు, ఉబ్బులు ఏమైనా ఉన్నాయేమో వేళ్లతో తడిమి చూడండి. మురికి కింద దాగేవి కడిగినప్పుడే కనపడతాయి. ఉబ్బు కనిపిస్తే కడగడం ఆపి, టైరు వేసినవాళ్లకు చూపించండి.

పాలిష్ గురించి. జిడ్డు మీద పాలిష్ కొడితే అది రబ్బరుకు పట్టదు, జిడ్డు మీద తేలుతుంది. బండి కదలగానే చుక్కలు చుక్కలుగా ఎగిరి తలుపుల మీద పడుతుంది. దాని మీద దుమ్ము చేరి, నెలలోపు టైరు ఇప్పటికంటే అధ్వానంగా తయారవుతుంది. బాగా కడిగి పూర్తిగా ఆరాక వేయాలనుకుంటే నీటి ఆధారిత టైర్ పాలిష్ (డ్రెస్సింగ్ అని అమ్ముతారు) తీసుకోండి. పెట్రోలియం ద్రావకాలున్న, తళతళలాడే రకం వద్దు. స్పాంజికి కొద్దిగా తీసుకుని పలుచగా రాసి, పది పదిహేను నిమిషాలయ్యాక మిగిలినది పొడి గుడ్డతో తుడిచేయండి. కొత్త టైరుకు సహజంగా ఉండే మాట్ నలుపే దాని ఆరోగ్యకరమైన రంగు. నా వరకైతే మొదటి కొన్ని నెలలు ఏమీ రాయకుండా వదిలేయడమే మేలనిపిస్తుంది. ఏది రాసినా ట్రెడ్‌కు తగలకూడదు, బ్రేక్ డిస్క్ మీద పడకూడదు. ఈ విషయంలో రాజీ లేదు. అందుకే స్ప్రే నేరుగా టైరు మీద కొట్టొద్దు, స్పాంజి మీదే కొట్టుకోండి. ద్విచక్ర వాహనాల టైర్లకైతే అసలు రాయొద్దు. వంగి తిరిగేటప్పుడు ట్రెడ్ అంచుల మీదే బరువు పడుతుంది.

అంతా అయ్యాక బండిని నెమ్మదిగా కొంత దూరం నడిపి, రెండు మూడుసార్లు తేలిగ్గా బ్రేకు వేయండి. డిస్కుల మీది తడి ఆరిపోతుంది.

రెండు మూడు వారాలకు లేత గోధుమ రంగు మళ్లీ తేలితే టెన్షన్ పడకండి. మామూలుగా కారు కడిగేటప్పుడు ఇంకా పలచగా కలిపిన క్లీనర్‌తో ఒక్క విడత బ్రష్ వేస్తే చాలు. ప్రతి వారం డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) పట్టి తోమే అలవాటు మాత్రం చేసుకోవద్దు. కారును వారాల తరబడి కదలకుండా ఉంచకపోవడం కూడా టైరుకు మంచిదే. తిరిగేటప్పుడు రబ్బరు సాగి ముడుచుకోవడం వల్ల లోపలి మైనం పైకి వచ్చి కొత్త పొర కట్టడం సులువవుతుంది.

మీరు పెట్రోల్ రాసిన ఆ టైరు గురించి. ఒక్కసారి గుడ్డతో తుడిచినంత మాత్రాన టైరు పాడైపోదు, మార్చేయాల్సిన అవసరమేమీ లేదు. ఆ చోటును ఈ రోజే సబ్బు నీళ్లతో బాగా కడిగేయండి. వారం తర్వాత వేలితో నొక్కి చూడండి, పక్కనున్న రబ్బరులాగే ఉంటే సరిపోయినట్టే. జిగురుగా, మెత్తగా అనిపించినా, సన్న గీతలు కనిపించినా దగ్గరి నుంచి ఫోటో తీసి పెట్టండి. చూసి చెబుతాను.